జన్యుగ్రంథం అందరి సొత్తు
(ప్రొఫెసర్ హౌస్లర్, ఆయన సహచరుడు కెంట్ కృషి)

ఊరి చెరువు ఎవరిది అంటే ఊరందరిదీ అని ఎవరైనా చెబుతారు. దాని తూము ఒక్కరి చేతిలోకి పోతే కింది పొలాలవాళ్ల గతి ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఇంచుమించు ఇలాంటి ప్రశ్నే 2000 సంవత్సరంలో యావత్ మానవజాతి ముందుకు వచ్చింది. తగవు నీటి గురించి కాదు, మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఉండే జన్యు లిపి గురించి. దానిని మొదట చదివినవాళ్లు తమ సొత్తుగా దాచుకోవచ్చునా, లేక అది అందరికీ దక్కాలా?

చివరకు అది అందరికీ దక్కింది. ఎలా దక్కిందో తెలిపే చరిత్ర మన విద్యార్థులు, వారి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోదగినది. అందులో ముఖ్యపాత్ర వహించినవారు కాలిఫోర్నియాలోని శాంటాక్రజ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం బోధించిన ప్రొఫెసర్ డేవిడ్ హౌస్లర్. ఆయన పక్కన నిలిచినవాడు జిమ్ కెంట్ అనే నలభై ఏళ్ల విద్యార్థి.

జీనోమ్ అంటే ఏమిటి?

ముందుగా నాలుగు ముక్కలు. మన కణాల్లో క్రోమోజోములు ఉంటాయి. వాటిలో డి.ఎన్.ఎ. అనే పొడవైన దారం ఉంటుంది. ఆ దారం మీద నాలుగే నాలుగు రసాయన అక్షరాలు మళ్లీ మళ్లీ వస్తూ ఉంటాయి. మనిషి రూపం, రంగు, కొన్ని రోగాలు రావడం, రాకపోవడం – వీటిలో చాలా భాగానికి మూలం ఆ అక్షరాల వరుసలోనే ఉంది. తండ్రి నుంచి ఒక ప్రతి, తల్లి నుంచి ఒక ప్రతి మనకు సంక్రమిస్తాయి. ఒక్కొక్క ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు. పేజీకి 3,000 అక్షరాల చొప్పున అచ్చు వేస్తే 10 లక్షల పేజీలు అవుతాయి. 500 పేజీల పుస్తకాలుగా కుడితే 2,000 సంపుటాలు! ఈ మొత్తం గ్రంథానికే జీనోమ్ అని పేరు.

ఇంత గ్రంథాన్ని మనిషి కంటితో చదవలేడు. చదివినా ఎక్కడ అర్థమున్న వాక్యం మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో తెలియదు. మధ్యలో ఖాళీలు లేవు, చుక్కలు లేవు. అందుకని కంప్యూటర్ లెక్కలతో ఈ లిపిని విప్పే శాస్త్రం ఒకటి పుట్టింది. ఆ శాస్త్రంలో అగ్రగణ్యులలో హౌస్లర్ ఒకరు.

చదువు దారి

హౌస్లర్ 1953లో జన్మించారు. ఆయన చదువు గీత గీసినట్టు తిన్నగా సాగలేదు. కాలేజీ వయసులో కొంతకాలం చిత్రకళ నేర్చారు. మరికొంత కాలం మనస్తత్వ చికిత్స వైపు మొగ్గారు. ఆ తరువాత గణితం పట్టుకుని 1975లో కనెక్టికట్ కాలేజీ నుంచి పట్టా పుచ్చుకున్నారు. కాలేజీలో చదివే రోజుల్లో వేసవి సెలవుల్లో ఆరిజోనా విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రవేత్త అయిన తన అన్న మార్క్ హౌస్లర్ ప్రయోగశాలలో పనిచేశారు. విటమిన్ డి మన ఒంట్లో ఎలా మారుతుందో అక్కడ పరిశీలించేవారు. లెక్కలు చదివిన కుర్రవాడికి జీవశాస్త్రం రుచి తగిలింది అక్కడే.

తరువాత కొలరాడో విశ్వవిద్యాలయంలో ఆండ్రె ఎరెన్‌ఫాయ్ష్ట్ అనే ఆచార్యుని దగ్గర 1982లో డాక్టరేట్ పూర్తిచేశారు. అదే గురువు దగ్గర ఒక్క ఏడాది ముందు డాక్టరేట్ తీసుకున్న మరో విద్యార్థి జీన్ మైయర్స్. ఈ పేరు గుర్తుంచుకోండి. కొన్నేళ్లకు ఈ ఇద్దరూ ఎదురెదురు పక్షాల్లో నిలవవలసి వచ్చింది.

కంప్యూటరుకు పాఠం

1986లో హౌస్లర్ శాంటాక్రజ్ చేరారు. యంత్రానికి ఉదాహరణలు చూపించి నేర్పితే అది ఎంతవరకు నేర్చుకోగలదు, ఎన్ని ఉదాహరణలు కావాలి అన్నది అప్పట్లో ఆయన పరిశోధన. సహచరులతో కలిసి 1989లో ప్రకటించిన ఆయన సిద్ధాంత పత్రం ఆ రంగంలో పునాదిరాయిగా నిలిచింది.

ఆ పాఠాన్నే ఆయన జీవశాస్త్రానికి తెచ్చారు. ఒక ఉదాహరణ చూడండి. "ఎక్కడికి వెళ్తున్నావు" అనే మాటను గుంటూరు మనిషి ఒకలా పలుకుతాడు, కరీంనగర్ మనిషి ఇంకోలా, కడప మనిషి మరోలా పలుకుతాడు. అయినా వినేవాడికి మాట ఒక్కటే అని తెలిసిపోతుంది. అలా గుర్తుపట్టడానికి కంప్యూటర్లకు మార్కోవ్ నమూనాలు అనే లెక్కల పద్ధతి నేర్పేవారు. ఒకే ప్రొటీన్ కూడా మనిషిలో ఒక తీరుగా, ఎలుకలో ఇంకో తీరుగా, ఈస్టులో వేరొక తీరుగా అక్షరాలు మార్చుకుని కనిపిస్తుంది. యాస మారినా మాట ఒక్కటే అన్నమాట. ఈ పోలికను పట్టుకుని హౌస్లర్, ఆయన బృందం 1994లో ప్రొటీన్లను గుర్తించే నమూనాలను ప్రకటించారు. తరువాత అదే పద్ధతితో డి.ఎన్.ఎ. లో జన్యువులు ఎక్కడున్నాయో వెదికే ప్రోగ్రాంలు తయారుచేశారు. ప్రపంచమంతటా జీవశాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నారు.

రెండు పక్షాలు

ఇక అసలు పోటీ సంగతికి వద్దాం. మానవ జీనోమ్ పథకం 1990లో ప్రభుత్వ ధనంతో ప్రారంభమైంది. 15 సంవత్సరాల గడువు, సుమారు 300 కోట్ల డాలర్ల అంచనా. అమెరికా, బ్రిటన్, జపాన్, ఫ్రాన్స్, జర్మనీ, చైనా – ఈ ఆరు దేశాల్లోని 20 కేంద్రాలు ఇందులో పాలుపంచుకున్నాయి. వీరు 1996లో బెర్ముడా దీవుల్లో సమావేశమై ఒక కట్టుబాటు చేసుకున్నారు. చదివిన అక్షరాలను 24 గంటల్లోగా లోకానికి ఉచితంగా ప్రకటించాలన్నదే ఆ కట్టుబాటు.

1998లో క్రెయిగ్ వెంటర్ అనే శాస్త్రవేత్త నాయకత్వాన సెలెరా అనే ప్రైవేటు కంపెనీ రంగంలోకి దిగింది. ప్రభుత్వ పథకం కంటే ముందే, మూడేళ్లలోనే పూర్తిచేస్తామని ప్రకటించింది. ఆ కంపెనీలో ముక్కలు జతచేసే కంప్యూటర్ పనికి పెద్ద జీన్ మైయర్స్, హౌస్లర్ చదువుకున్న గురువు దగ్గరే చదివినవాడు.

ముక్కలు జతచేయడం అంటే ఏమిటి? ఒకే దినపత్రిక ప్రతులు పది తీసుకుని, ఒక్కొక్కదాన్ని ఒక్కో తీరుగా చింపి కుప్ప పోయండి. ఒక ముక్క చివర ఉన్న మాటలు ఇంకో ముక్క మొదట్లో కనిపిస్తే ఆ రెంటినీ కలపవచ్చు. అలా కలుపుకుంటూ పోతే పత్రిక మళ్లీ తయారవుతుంది. డి.ఎన్.ఎ. చదివే యంత్రాలు ఒక్కసారికి 500 అక్షరాల పైచిలుకు మాత్రమే చదవగలిగేవి. సెలెరా 9 నెలల్లో అలాంటి ముక్కలు 2 కోట్ల 70 లక్షలకు పైగా చదివింది. మైయర్స్ ప్రోగ్రాం వాటిని జతచేసింది. అది సామాన్యమైన ప్రతిభ కాదు, ఆ సంగతి ఒప్పుకుని తీరాలి.

చిక్కు మరోచోట ఉంది. ప్రభుత్వ పథకం తన అక్షరాలను రోజూ బయటపెడుతున్నది గనుక సెలెరా వాటిని కూడా వాడుకోగలిగింది. సెలెరా అక్షరాలు మాత్రం చందా కట్టినవారికే. పైగా ఆ రోజుల్లో జన్యువుల మీద పేటెంట్ హక్కులు కోరుతూ వేల దరఖాస్తులు పడుతున్నాయి. ముందుగా చదివినవాడిదే హక్కు అనే పరిస్థితి వచ్చేటట్టు కనిపించింది.

నాలుగు వారాల కృషి

1999 డిసెంబరులో ప్రభుత్వ పథకం నాయకులలో ఒకరైన ఎరిక్ లాండర్ హౌస్లర్‌ను పిలిచారు. చదివిన జీనోములో జన్యువులు ఎక్కడున్నాయో కనిపెట్టిపెట్టమని కోరారు. హౌస్లర్ పనిలోకి దిగి చూస్తే చదవడానికి పుస్తకమే లేదు! ఉన్నవి సుమారు 4 లక్షల విడి ముక్కలు. ఏ ముక్క ఏ క్రోమోజోముదో, ఏది ముందో, ఏది వెనకో, ఏది తలకిందులో సరిగా తేలలేదు. జన్యువు మొదలు ఒక ముక్కలో, చివర ఇంకో ముక్కలో ఉంటే దాన్ని పట్టుకోవడం ఎలా? ముందు ముక్కలు కలపాలి. ఆ పని 2000 మే నెల వచ్చినా ఒక కొలిక్కి రాలేదు. ఫలితాల ప్రకటనకు జూన్ నెలాఖరు ముహూర్తం నిశ్చయమైంది.

ఇక్కడ జిమ్ కెంట్ ప్రవేశించాడు. ఇతను 1960లో హవాయిలో పుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలో పెరిగాడు. గణితం చదివి, ఏళ్ల తరబడి కంప్యూటర్లలో బొమ్మలు కదిలించే ప్రోగ్రాంలు రాసి జీవించాడు. విండోస్ 95 వచ్చినప్పుడు ప్రోగ్రాంలు రాసేవారి కోసం కంపెనీ పంపిన సమాచారం 12 సీడీలు నిండింది. మనిషి జీనోమ్ మొత్తం ఒక్క సీడీలో ఇముడుతుంది, పైగా మూడు నెలలకోసారి మారిపోదు కదా అనిపించిందట ఆయనకు. అలా వ్యాపారం వదలి, శాంటాక్రజ్‌లో జీవశాస్త్రంలో డాక్టరేట్ విద్యార్థిగా చేరాడు. ఒక చిన్న పురుగు జన్యువుల మీద అతని పరిశోధన. అతను హౌస్లర్ శాఖవాడు కూడా కాదు.

ఈ పని తాను చేస్తానని మే నెలలో కెంట్ హౌస్లర్‌కు చెప్పాడు. పేటెంట్లంటే అతనికి మంట. ప్రకృతిలో ఉన్నదాన్ని కనుక్కోవడం వేరు, కొత్తది కల్పించడం వేరు, మొదటిదానికి హక్కు పత్రాలేమిటి అన్నది అతని వాదన. హౌస్లర్ అధికారులతో మాట్లాడి విశ్వవిద్యాలయం ద్వారా 100 పెంటియం-3 కంప్యూటర్లు సంపాదించారు. నిజానికి అవి బల్ల మీద పెట్టుకునే మామూలు యంత్రాలే. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారు ముక్కల స్థూలమైన పటం ఇచ్చారు. కెంట్ రాత్రింబవళ్లు కూర్చొని నాలుగు వారాల్లో సుమారు 10,000 పంక్తుల ప్రోగ్రాం రాశాడు. టైపు చేసి చేసి మణికట్లు వాచిపోతే రాత్రిళ్లు మంచుగడ్డలు పెట్టుకునేవాడు. ఆ ప్రోగ్రాంకు గిగ్ అసెంబ్లర్ అని పేరు.

జూన్ 22న మొదటి కూర్పు సిద్ధమైంది. జూన్ 26న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వైట్‌హౌస్‌లో ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మానవ జీనోమ్ చిత్తుప్రతి తయారైందని ప్రకటించారు. ఆ వేదిక మీద కెంట్ లేడు. కాని ప్రభుత్వ పక్షం తలెత్తుకుని నిలబడిందంటే వెనుక అతని నాలుగు వారాల శ్రమ ఉంది.

తలుపులు తెరిచిన రోజు

2000 జూలై 7న శాంటాక్రజ్ విశ్వవిద్యాలయం ఆ కూర్పును ఇంటర్నెట్‌లో పెట్టింది. చందా లేదు, అనుమతి పత్రం లేదు, ఎవరైనా తీసుకోవచ్చు. మొదటి 24 గంటల్లోనే సుమారు 50,000 కోట్ల బైట్ల సమాచారం అక్కడి నుంచి ప్రపంచం నలుమూలలకూ వెళ్లింది.

అది పరిపూర్ణమైన ప్రతి కాదు. 270 కోట్ల అక్షరాలు, అంటే అంచనాగా 88 శాతం మాత్రమే అందులో ఉన్నాయి. అయినా పని నడవడానికి చాలింది. 2001 ఫిబ్రవరిలో ఉభయపక్షాల పరిశోధన పత్రాలూ ఒక్కరోజు తేడాతో వెలువడ్డాయి. సెలెరా కొన్నేళ్లు చందాల మీద నడిచి చివరకు 2005లో తన సమాచారాన్ని కూడా ఉచిత భండాగారానికి అప్పగించింది. ఉచితంగా దొరికేదానికి ఎన్నాళ్లని సొమ్ము కడతారు? 2013 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ప్రకృతి సిద్ధమైన డి.ఎన్.ఎ. మీద పేటెంట్ చెల్లదని తీర్పు చెప్పింది.

దాచిపెడితే నష్టమేమిటని అడిగేవారు ఉంటారు. హైడీ విలియమ్స్ అనే ఆర్థికశాస్త్రజ్ఞురాలు దీన్ని లెక్క కట్టి 2013లో ప్రకటించారు. కొంతకాలం సెలెరా చేతిలోనే ఉండిపోయిన జన్యువుల మీద, మిగతావాటితో పోలిస్తే, తదుపరి పరిశోధనలు, రోగనిర్ధారణ పరీక్షలు 20 నుంచి 30 శాతం తక్కువగా జరిగాయని తేలింది. తూము మూస్తే కింది పొలం ఎండినట్టే.

గ్రంథం చదవడం మొదలయ్యాక

దొరికిన గ్రంథాన్ని తిరగేయడానికి సాధనం కావాలి. కెంట్, హౌస్లర్ బృందం తయారుచేసిన శాంటాక్రజ్ జీనోమ్ బ్రౌజర్ అలాంటిది. ఫలానా క్రోమోజోము, ఫలానా చోటు అని అడిగితే చాలు, అక్కడ ఏ జన్యువు ఉందో, ఎలుకలోనూ కోడిలోనూ అదే చోటు ఎలా ఉందో పటంలా తెర మీద చూపుతుంది. 2002లో కెంట్ మరో ప్రోగ్రాం ప్రకటించాడు, పేరు బ్లాట్. చేతిలో ఉన్న ముక్క జీనోములో ఎక్కడిదో క్షణాల్లో వెదికిపెడుతుంది. విద్యార్థులకు, విద్యాసంస్థలకు అది ఉచితం. వ్యాపారానికి వాడుకునేవారు మాత్రం రుసుము చెల్లించాలి. ఈ పద్ధతి న్యాయంగానే ఉంది. 2014లో ఎబోలా, 2020లో కరోనా ప్రబలినప్పుడు ఆ వైరసుల లిపిని సైతం ఈ బ్రౌజర్లో అందరికీ అందుబాటులో ఉంచారు.

హౌస్లర్ మాత్రం గ్రంథంలో ఏం రాసి ఉందో వెదకసాగారు. 2004లో ఆయన బృందం ఒక విచిత్రం కనుగొన్నది. మనిషి, చిట్టెలుక, ఎలుకల జీనోములను పక్కపక్కన పెట్టి పోలిస్తే, 200 అక్షరాలకు మించిన పొడవుతో ఒక్క అక్షరమైనా తేడా లేని భాగాలు 481 దొరికాయి. కోట్ల సంవత్సరాలుగా ప్రకృతి వాటిని చెక్కు చెదరనివ్వలేదంటే అవి ఎంతో అవసరమైనవై ఉండాలి.

2006లో దీనికి తిరుగుడు ప్రశ్న వేశారు. ఇతర జంతువుల్లో మారకుండా ఉండి, మనిషిలో మాత్రం వేగంగా మారిన చోటు ఏది? ఆయన శిష్యబృందంలోని కేథరిన్ పోలార్డ్ ఈ వెతుకులాటకు సారథ్యం వహించారు. 118 అక్షరాల ఒక చిన్న భాగం దొరికింది. కోడికీ చింపాంజీకీ ఇందులో తేడా 2 అక్షరాలే, చింపాంజీకీ మనిషికీ తేడా 18. తల్లి గర్భంలో శిశువు మెదడు తయారయ్యే వేళ ఈ భాగం పనిచేస్తుంది. మనిషి మనిషి కావడంలో దీని పాత్ర ఎంతో ఇంకా పరిశోధిస్తున్నారు.

మన హైదరాబాదు సంగతి

ఆ ఆరు దేశాల్లో మన దేశం లేదు. కాని గ్రంథం తెరిచి ఉంచిన ఫలితం మనకూ అందింది. హైదరాబాదు సి.సి.ఎం.బి. లో లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్ గార్లు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లో భారతీయుల జన్యు చరిత్రను ప్రకటించారు. 25 సమూహాలకు చెందిన 132 మంది జీనోముల్లో 5 లక్షల 60 వేలకు పైగా చోట్లను పోల్చి చూశారు. ఇటువంటి పోలికకు మూలప్రతి ఒకటి అందరి ముందు ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమూహాల్లో కొన్ని అరుదైన రోగాలు ఎక్కువగా బయటపడే అవకాశం ఉందని ఆ పరిశోధన హెచ్చరించింది. 2017లో వచ్చిన మరో పత్రం ఉదాహరణ చూపింది. తెలుగునాట వైశ్యులలో కొందరికి, ఆపరేషన్ సమయంలో కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు పడదు. జన్యు కారణం తెలిస్తే డాక్టరు ముందే వేరే మందు ఎంచుకుంటాడు, ప్రాణం నిలుస్తుంది. అందుకే దూరదేశంలో పుట్టిన ఈ విజ్ఞానం మన ఇంటి గడప దాకా వచ్చిందని చెప్పడం.

ఇంకా మిగిలిన పని

మరి లోపాలు లేవా అంటే ఉన్నాయి. మూలప్రతిలో ఎక్కువ భాగం ఒకే ఒక్క దాతది. అమెరికాలోని బఫెలో నగరంలో పత్రికా ప్రకటన చూసి రక్తమిచ్చినవారిలో ఒకరు. ఒక్క మనిషి లిపితో లోకమంతటినీ కొలిస్తే కొందరికి అన్యాయం జరుగుతుంది. చిత్తుప్రతిలో విడిచిన ఖాళీలు కూడా చాలాకాలం అలాగే ఉండిపోయాయి. ఖాళీలను పూరించి సంపూర్ణ ప్రతిని 2022లో ప్రకటించారు. అందుకు నాయకత్వం వహించినవారిలో శాంటాక్రజ్‌కు చెందిన కేరెన్ మీగా ఒకరు. 2023లో వివిధ ఖండాల మూలాలున్న 47 మంది జీనోములతో కొత్త మూలప్రతి చిత్తు వెలువడింది. అందులోనూ హౌస్లర్ బృందం చేయి ఉంది. మన దేశంలో జీనోమ్ ఇండియా పథకం కింద 10,000 మంది జీనోములు చదివి, 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఈ పనిలో సి.సి.ఎం.బి. కూడా భాగస్వామి.

ఈ చరిత్ర నుంచి మనం గ్రహించవలసినది ఒకటుంది. జన్యుగ్రంథం అందరిదీ కావాలని 1996లోనే పెద్దలు తీర్మానించారు. అయితే తీర్మానం ఒక్కటే దాన్ని కాపాడలేదు. ఇంకొకరు ముందుగా పూర్తిచేసి తాళం వేసుకుని ఉంటే ఆ తీర్మానం కాగితం మీద మిగిలిపోయేదే. సకాలంలో ఒకరు రాత్రిళ్లు మేల్కొని పని ముగించారు, ఒక గురువు తన శాఖకు చెందని విద్యార్థిని నమ్మి కావలసిన యంత్రాలు తెచ్చిపెట్టారు, ఒక విశ్వవిద్యాలయం ఖర్చుకు వెనుదీయలేదు. ఉమ్మడి ఆస్తి ఏదైనా ఇలాగే నిలుస్తుంది. బడి కానీ, గ్రంథాలయం కానీ, విద్యార్థి సహాయ నిధి కానీ, సంకల్పం చెప్పుకుంటే సరిపోదు, ఎవరో ఒకరు గడువులోగా పూర్తిచేయాలి.

మరొక మాట. హౌస్లర్ చిత్రకళ నుంచి గణితానికి, గణితం నుంచి జీవశాస్త్రానికి వచ్చారు. కెంట్ ఇతరులు పిల్లల చదువుల గురించి ఆలోచించే వయసులో మళ్లీ పలక పట్టాడు. కనుక మన ఇళ్లలో ఏ అబ్బాయో అమ్మాయో "నాకు లెక్కలూ ఇష్టమే, జీవశాస్త్రమూ ఇష్టమే, ఏది తీసుకోను?" అని అడిగితే కసురుకోకండి. ఆ రెండూ కలిసే చోట ఇప్పుడు చేయవలసిన పని కొండంత ఉంది. మన జనం లిపిని మన పిల్లలే చదివే రోజు రావాలి.